పక్క చేలో మట్టిని పరీక్షించమని కోర్టును అడగవచ్చా?

ప్రశ్న: న్యాయవాది గారికి నమస్కారం. మాది సంగారెడ్డి జిల్లా. నాన్నగారి నుంచి వచ్చిన 3 ఎకరాల 10 గుంటల చెల్క, అందులో ఒక బావి ఉన్నాయి. మా గెట్టు అవతలి 2 ఎకరాలు పట్నంలో ఉండే ఒక ఆసామివి. ఆయన మూడేళ్ల కిందట దాన్ని ఎవరికో కౌలుకిచ్చారు. అప్పటి నుంచి రాత్రిపూట ట్యాంకర్లు రావడం, గుంతలు తీసి మళ్లీ పూడ్చడం ఊరంతా చూసింది. రెండు వానాకాలాలుగా గెట్టు వెంబడి నాలుగు సాళ్ల వెడల్పున మా జొన్న మొలకెత్తడం లేదు. బావి నీళ్లు ఘాటు వాసన వేస్తున్నాయి. మట్టి పరీక్ష చేయిద్దామని ఆసామిని అడిగితే, తన పట్టా భూమిలో అడుగు పెడితే కేసు పెడతానన్నారు. మా మేనల్లుడు ఒక రాత్రి వెళ్లి బకెట్టెడు మట్టి తెచ్చి ప్రైవేటు ల్యాబులో ఇస్తే క్రోమియం ఎక్కువగా ఉందని రిపోర్టు వచ్చింది. నా దగ్గర సాయిల్ హెల్త్ కార్డు కూడా ఉంది. ఈ రెండు కాగితాలతో కోర్టుకు వెళ్లవచ్చా? ఆయన భూమిలో మట్టిని తీసి పరీక్షించమని కోర్టు చెబుతుందా?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: కోర్టు చెప్పగలదు. అయితే మీ చేతిలో ఉన్న రెండు కాగితాలతో ఇవాళే వెళితే ఆ ఆదేశం దొరకడం కష్టం. అందుకే ముందు ఆ కాగితాల సంగతే చూద్దాం.

సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం. పైరుకు ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పడానికి పుట్టిన కార్డు అది. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్, మందుల ఫ్యాక్టరీలు వాడే ద్రావకాలు అందులో ఉండవు. కాబట్టి కార్డు బాగున్నంత మాత్రాన భూమి శుభ్రంగా ఉందని కాదు, కార్డు బాగాలేనంత మాత్రాన పక్కవారు పాడుచేశారని కాదు. అయినా పాత కార్డులు ఉంటే పారేయకండి. లవణాలు పేరుకున్న నేలలో విద్యుత్ వాహకత పెరుగుతుంది. ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో లవణాలు ఎక్కువగా ఉండడం మామూలే. కౌలుకు ఇవ్వకముందు తీసిన కార్డులో తక్కువగా ఉన్న అంకె తర్వాతి కార్డులో బాగా పెరిగి ఉంటే, అది ఒంటరిగా ఏదీ రుజువు చేయకపోయినా మీ మాటకు బలమైన తోడు అవుతుంది.

ఇక బకెట్టు మట్టి. మీ మేనల్లుడి ఆవేదన నాకు అర్థమైంది. కానీ ఆ మట్టి ఏ సర్వే నంబరులోది, ఎంత లోతులోది, ఇంటికి తెచ్చాక ఎన్ని రోజులు ఎక్కడ ఉంది, అంతకుముందు ఆ బకెట్టులో ఏముంది అని ఎదుటి వకీలు అడిగితే ఒక్కదానికీ జవాబు ఉండదు. పైగా క్రోమియం అసలు లేని నేల ఉండదు. మీ జిల్లాలోనే జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నల్లరాయి నుంచి ఏర్పడిన నేలల్లో సహజంగా ఉండే క్రోమియం, పటాన్‌చెరు వైపు గ్రానైటు నేలల్లో కంటే ఎక్కువ. రిపోర్టులో ఒక అంకె వేసి పక్కన ‘ఎక్కువ’ అని రాసినంత మాత్రాన, దేనికంటే ఎక్కువ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ క్రోమియం విషపూరితమైన ఆరో వేలన్సీ రూపంలో ఉందా, అంతగా హాని చేయని మూడో వేలన్సీ రూపంలో ఉందా అన్నది మరో ప్రశ్న.

అనుమతి లేకుండా పక్క భూమిలోకి వెళ్లడం గురించి కూడా చెప్పాలి. భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 329 కింద ఆసామి ఫిర్యాదు చేయవచ్చు. నేరం చేసే ఉద్దేశంగాని, వేధించే ఉద్దేశంగాని ఉంటేనే అది నేరపూరిత అక్రమ ప్రవేశం అవుతుంది కాబట్టి ఆ కేసు నిలవకపోవచ్చు, కానీ పోలీసు స్టేషను చుట్టూ తిరగాల్సింది మీ మేనల్లుడే. సక్రమం కాని పద్ధతిలో దొరికినంత మాత్రాన సాక్ష్యాన్ని పూర్తిగా తోసిపుచ్చనక్కర్లేదని సుప్రీంకోర్టు 1973లో పూరన్‌మల్ కేసులో చెప్పిన మాట నిజమే. తోసిపుచ్చకపోవడం వేరు, నమ్మడం వేరు. ఆ రిపోర్టును దాచిపెట్టకండి, ప్రధాన సాక్ష్యంగా ముందుకూ తేకండి. అనుమానం ఎందుకు కలిగిందో చెప్పేచోట అఫిడవిట్‌లో ఒక్క వాక్యంలో ఉన్నదున్నట్లు రాయించండి. ఎదుటివారు బయటపెట్టేదాకా ఆగితే మీ మిగతా మాటలను కూడా కోర్టు అనుమానంగా చూస్తుంది.

మొదట చేయవలసిన పని మీ సొంత భూమిలోనే ఉంది. అక్కడ మట్టి తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ల్యాబు వారినే పిలిపించి వారి చేతనే నమూనాలు తీయించండి. మీరు తీసి పంపితే ‘మాకు అందిన నమూనా’ అని మాత్రమే రిపోర్టులో రాస్తారు, అది ఎక్కడిదో వారు చెప్పరు. గెట్టు పక్కన ఒకటి, పది మీటర్ల లోపల ఒకటి, యాభై మీటర్ల దూరంలో ఒకటి, అలాగే ఊళ్లో ఎగువన అదే రకం నేల ఉండి ఏ ట్యాంకరూ చేరని చోట మరొకటి తీయించండి. ఆ చివరిది చాలా ముఖ్యం. గెట్టు దగ్గర ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గుతూ, ఎగువ నేలలో మామూలుగా ఉంటే, కాలుష్యం ఎటు నుంచి వచ్చిందో ఆ నాలుగు అంకెలే చూపిస్తాయి. ప్రతి చోటా పై 15 సెంటీమీటర్ల మట్టిని, దాని కింద రెండడుగుల లోతు మట్టిని విడివిడిగా తీయాలి. ఎరువుల పరీక్షకైతే పొలంలో పది చోట్ల తీసిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకోమని వ్యవసాయాధికారులు చెబుతారు. ఇక్కడ అలా కలపకూడదు. ఒకచోట పోసిన విషం పది చోట్ల మంచి మట్టిలో కలిసిపోయి కనపడకుండా పోతుంది.

ఏం వెతకాలో మీరు చెప్పకపోతే ల్యాబు వెతకదు. మీ బావి నీళ్లు ఘాటుగా వాసన వేస్తున్నాయన్నారు. లోహాలకు వాసన ఉండదు. అది ద్రావకాల వాసన కావచ్చు. ద్రావకాల పరీక్షకు మట్టిని గాజు సీసాలో గాలి మిగలకుండా నింపి, మూత బిగించి, మంచు పెట్టెలో పంపాలి. పాలిథిన్ కవరులో కట్టి ఎండలో బస్సు మీద వేసి పంపిన మట్టిలో ల్యాబుకు చేరేసరికి వాసనే మిగలదు, ‘కనుగొనబడలేదు’ అని వచ్చిన ఆ రిపోర్టు ఎదుటివారికి ఆయుధం అవుతుంది. బావి నీళ్ల నమూనా కూడా అదే రోజు తీయించండి.

సీసా మీద అంటించే చీటీ గురించి ఒక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని విలువ నాకు ఒక దావాలో కళ్లారా తెలిసింది. కక్షిదారు నిజాయతీపరుడు, నేల నిజంగానే పాడైంది. సీసాకు చుట్టిన గుడ్డ మీద లక్క సీలు ఉంది, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. చీటీ మీద నమూనా తీసిన తేదీ 14 అని ఉంది. ల్యాబు రిజిస్టరులో అది అందిన తేదీ 13 అని ఉంది. ఎవరో తొందరలో వేసిన ఒక అంకె అది. మట్టి తీయకముందే ల్యాబుకు ఎలా చేరిందని ఎదుటి వకీలు అడిగిన తర్వాత ఆ రిపోర్టులోని ఏ అంకెనూ ఎవరూ పట్టించుకోలేదు. అందుకే తీసిన తేదీ, సమయం, సర్వే నంబరు, లోతు, తీసినవారి పేరు, సాక్షుల సంతకాలు చీటీ మీదా పంచనామాలోనూ ఒకేలా ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి. పంచాయతీ కార్యదర్శి వచ్చి సంతకం చేస్తే మరీ మంచిది.

ఆ పని అయ్యాక, లేదా అది జరుగుతుండగానే, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరు గారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రశీదు తీసుకోండి. పట్టా భూమి అయినంత మాత్రాన ప్రభుత్వాధికారికి తలుపు మూసుకోదు. పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లోని సెక్షన్ 10 అధికారం పొందిన అధికారికి ఏ స్థలంలోకైనా ప్రవేశించి తనిఖీ చేసే హక్కునిస్తే, సెక్షన్ 11 అక్కడి గాలి, నీరు, మట్టి నమూనాలు తీసుకునే హక్కునిస్తుంది. జల కాలుష్య నివారణ చట్టం, 1974లోని సెక్షన్ 24 విషపదార్థాలను వాగులో, బావిలో వదలడాన్నే కాక నేల మీద వదలడాన్ని కూడా నిషేధించింది. మీరు లోపలికి వెళ్లలేని చోటికి వారు వెళ్లగలరు. వారు తీసిన నమూనాపై ప్రభుత్వ విశ్లేషకుడు ఇచ్చే నివేదికను పర్యావరణ పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 14 ప్రకారం సాక్ష్యంగా వాడుకోవచ్చు.

దీనికి తోడు 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణపై ప్రత్యేక నియమాలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాల వివరాలను ఆరు నెలలకొకసారి తెలియజేయాలి, కాలుష్య మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి, అనుమానం నిలిస్తే మరో 90 రోజుల్లో వివరమైన సర్వే చేయాలి. మీ ఫిర్యాదులో ఈ నియమాలను పేరెత్తి ప్రస్తావించండి. గడువు రాసి ఉన్న నియమాన్ని చూపితే, ఆలస్యమైనప్పుడు దేన్ని అడగాలో మీకు తెలుస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దీనికి రెండు దారులున్నాయి. 39వ ఆర్డరు 7వ నియమం కింద, వివాదానికి సంబంధించిన ఆస్తిని పరిశీలించడానికి, అందుకోసం ఎదుటివారి భూమిలో ప్రవేశించడానికి, నమూనాలు తీయడానికి కోర్టు ఎవరికైనా అధికారం ఇవ్వవచ్చు. 26వ ఆర్డరు 10ఏ నియమం కింద, కోర్టు హాలులో కూర్చుని తేల్చలేని శాస్త్రీయ విషయాన్ని పరిశోధించడానికి కమిషనరును నియమించవచ్చు. సాధారణంగా ఒక అడ్వొకేట్ కమిషనరును, ఆయనకు తోడు నిపుణుడిని పంపమని అడుగుతాం. ఖర్చు మొదట అడిగినవారే డిపాజిట్ చేయాలి.

ఈ దరఖాస్తుకు ఎదురయ్యే అభ్యంతరం ఒక్కటే, ప్రతిసారీ అదే: ‘వాది తన దగ్గర సాక్ష్యం లేక కోర్టు చేత సాక్ష్యం సేకరింపజేస్తున్నాడు.’ ఏమీ లేకుండా వెళితే ఆ అభ్యంతరం గెలుస్తుంది. మీ భూమిలో దూరం పోయేకొద్దీ తగ్గుతున్న అంకెలు, బావి నీళ్ల రిపోర్టు, మొలకెత్తని సాళ్ల ఫొటోలు, ట్యాంకర్లను చూసినవారి అఫిడవిట్లు ముందు పెట్టి, గెట్టు అవతల ఏముందో నోటి మాటతో రుజువు కాదు, తవ్వి చూస్తేనే తెలుస్తుంది అన్నప్పుడు అదే అభ్యంతరం బలహీనపడుతుంది. ఎన్ని గుంతలు, ఎంత లోతు, ఏ రసాయనాల కోసం, ఏ ల్యాబు అన్నవి దరఖాస్తులోనే రాయాలి. భూమంతా తవ్వుతామంటే ఏ జడ్జీ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా, ఎందుకంటే ఆసామికి ఆ భూమి మీద ఉన్న హక్కు మీ హక్కు లాంటిదే. ప్రతి నమూనాలో ఒక భాగం ఆయనకూ ఇవ్వాలని మీరే కోరండి. ఆదేశం వచ్చాక కూడా ఆయన అడ్డుకుంటే, పరీక్ష జరిగితే ఫలితం ఆయనకు వ్యతిరేకంగా వచ్చేదని భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 119 కింద కోర్టు భావించవచ్చు. మట్టిని తరలించకుండా, మీద కొత్త మట్టి పోయకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా అదే రోజు కోరండి. రాజస్థాన్‌లోని బిఛ్రీ గ్రామంలో హెచ్ యాసిడ్ (రంగుల తయారీలో వాడే రసాయనం) తయారీ వల్ల మిగిలిన మడ్డిని తొలగించమంటే, గుంతల్లో వేసి పైన మట్టి కప్పారన్న సంగతి సుప్రీంకోర్టు 1996 తీర్పులోనే ఉంది.

సివిల్ కోర్టుకు వెళ్లాలా, నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలా అన్నది తేలికగా తేల్చే విషయం కాదు. పర్యావరణానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఇమిడి ఉన్న వివాదాల్లో, 2010 నాటి ట్రిబ్యునల్ చట్టంలోని సెక్షన్ 29 సివిల్ కోర్టును తప్పించింది. ఫలానా చోట పోసిన వ్యర్థాల వల్ల బావులు, నేల పాడయ్యాయన్న మీ ఆరోపణ ఆ కోవలోకే వస్తుందని నా అభిప్రాయం. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల బెంచి వర్తిస్తుంది. అక్కడ సివిల్ ప్రొసీజర్ కోడ్‌తో, సాక్ష్య చట్టంతో ట్రిబ్యునల్‌ను కట్టిపడేయలేదు. సాధారణంగా అధికారులతో, నిపుణులతో సంయుక్త కమిటీ వేసి నమూనాలు తెప్పించుకుంటుంది. గెట్టు, కౌలు, హద్దుల తగాదా మాత్రమే అయితే సివిల్ కోర్టే సరైన చోటు.

ఒక్క విషయంలో ఆలస్యం చేయకండి. ట్రిబ్యునల్‌లో సెక్షన్ 14 కింద దరఖాస్తుకు 6 నెలల గడువు, నష్టపరిహారం కోసం, భూమిని పూర్వస్థితికి తెప్పించడం కోసం సెక్షన్ 15 కింద 5 ఏళ్ల గడువు ఉన్నాయి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు మన్నించవచ్చు, అంతకు మించి కాదు. గడువు లెక్క కారణం మొదట ఏర్పడినప్పటి నుంచి మొదలవుతుంది. కౌలు మొదలై మూడేళ్లయిందంటే మీ చేతిలో ఉన్నది దాదాపు రెండేళ్లే అనుకుని అడుగు వేయండి.

రుజువు భారం పూర్తిగా మీ మీదే ఉండదన్నది మీకు ధైర్యం ఇవ్వాలి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ పరీవాహక ప్రాంతంలో ఒక నూనెల పరిశ్రమ గురించి మన కాలుష్య మండలి నడిపిన వ్యాజ్యంలో, తన పని పర్యావరణానికి హాని చేయదని చూపవలసింది ఆ పని చేసేవారేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ జిల్లా అనుభవం కూడా మరచిపోకండి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల నీళ్లు నక్కవాగులో కలిసి పొలాలు పాడైన వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. రైతుల నష్టంపై సంగారెడ్డిలోని జిల్లా జడ్జి చేత కోర్టు విచారణ చేయించింది. తర్వాత హైకోర్టు మీదుగా గ్రీన్ ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు వచ్చింది. అన్నేళ్లు పట్టడం అన్యాయమే. కానీ ఆ వ్యాజ్యం ఊళ్లన్నీ కలిసి నిలబడినది. మీ బావి పక్కన ఇంకెవరి బావి నీళ్లు వాసన వేస్తున్నాయో కనుక్కుని, వారిని కూడా కలుపుకోండి.

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లా. మా మామిడితోటలో కొంత భాగం గోదాముకు అద్దెకిచ్చాను. అద్దెదారు ఖాళీ చేసి వెళ్లాక, అక్కడ డ్రమ్ములు పాతిపెట్టారన్న ఫిర్యాదు మీద మట్టి నమూనాలు తీస్తామని కాలుష్య మండలి నుంచి నోటీసు వచ్చింది. నేను ఒప్పుకోకపోతే ఏమవుతుంది? నా భూమిలో మట్టి ఇవ్వడం నా మీద నేనే సాక్ష్యం చెప్పుకోవడం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదమ్మా. రాజ్యాంగంలోని 20(3) అధికరణం, నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తిని తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదంటుంది. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం అలా సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మనిషి చేతిరాతకే లేని రక్షణ తోటలోని మట్టికి ఉండదు.

మీరు ఆ రోజు కావాలని వెళ్లకపోయినా పరీక్ష ఆగదు. యజమాని ఉద్దేశపూర్వకంగా రాకపోతే, లేదా వచ్చి సంతకానికి నిరాకరిస్తే, అధికారి తన సంతకంతోనే సీసాకు సీలు వేసి పంపి, ఆ సంగతిని విశ్లేషకుడికి రాసే వీలు పర్యావరణ పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 11 లోనే ఉంది. అప్పుడు నష్టపోయేది మీరే. వెళ్లి ఉంటే మీకు దక్కేవి చాలా ఉన్నాయి. నోటీసు సరైన ఫారంలో ఉందో లేదో, మీ సమక్షంలో తీశారో లేదో, సీసా మీద మీ సంతకం అడిగారో లేదో, ఆలస్యం లేకుండా ల్యాబుకు పంపారో లేదో చూసుకోవచ్చు. ఈ నాలుగూ చట్టం అధికారికి విధించిన షరతులే. అభ్యంతరం ఉంటే సంతకం మానకండి, ‘అభ్యంతరంతో’ అని రాసి, కారణం ఒక వాక్యంలో పెట్టి, సంతకం చేయండి.

వ్యర్థజలాల నమూనా అయితే దాన్ని రెండు భాగాలు చేయమని కోరే హక్కు జల కాలుష్య చట్టంలోని సెక్షన్ 21 కింద ఉంది. మట్టి నమూనా గురించి పర్యావరణ చట్టంలో ఆ మాట లేదు. అయినా ఒక భాగం ఇవ్వమని ముందే లిఖితపూర్వకంగా అడగండి, నిరాకరిస్తే అదే గుంతలో అదే సమయంలో మీ ల్యాబు చేత నమూనా తీయించుకోండి. మీ భూమిలో మీరు తీసుకోకుండా ఎవరూ ఆపలేరు.

అద్దె ఒప్పందం, అద్దె జమ అయిన బ్యాంకు కాగితాలు, ఖాళీ చేసిన తేదీ చూపే ఉత్తరాలు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. పాడుచేసినవారే ఖర్చు భరించాలన్నది మన న్యాయసూత్రం. పాతినది మీరు కాదని, అది ఎవరి కాలంలో జరిగిందో చూపగలిగితే ఆ సూత్రం మీకు అండ. తెలిసి ఊరుకున్నారని తేలితే మాత్రం యజమాని అన్న కారణంగా మీరూ జవాబు చెప్పాలి. అంతవరకు ఆ చోట తవ్వించడంగాని, డ్రమ్ములు కనబడితే కదిలించడంగాని చేయకండి. అది పనివాళ్ల ప్రాణానికి ముప్పు.

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మూతపడిన ఒక ఫ్యాక్టరీ పక్కన ఇంటి స్థలం కొంటున్నాము. రిజిస్ట్రేషనుకు ముందు మట్టి పరీక్ష చేయించుకుంటామంటే అమ్మేవారు ‘అలాంటి ఆచారం లేదు’ అంటున్నారు. మాకు ఆ హక్కు లేదా?
– ఒక దంపతులు, కూకట్‌పల్లి

జవాబు: పరీక్ష చేయించి తీరాలని అమ్మేవారిని బలవంతపెట్టే చట్టం లేదు, పరీక్ష లేకుండా కొనాలని మిమ్మల్ని బలవంతపెట్టే చట్టమూ లేదు. బయానా ఇచ్చే ముందే, ఫలానా ల్యాబు నమూనా తీసుకోవడానికి అనుమతిస్తామని, ఫలితం బాగాలేకపోతే బయానా తిరిగి ఇస్తామని అగ్రిమెంటులో ఒక షరతు రాయించుకోండి. సాధారణ జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవారు చెప్పి తీరాలని ఆస్తి బదలాయింపు చట్టంలోని సెక్షన్ 55 అంటుంది. కాబట్టి ఆ స్థలంలో వ్యర్థాలు వేసిన చరిత్ర ఏదైనా తెలుసా అని లిఖితపూర్వకంగా అడిగి, జవాబు కూడా లిఖితపూర్వకంగానే తీసుకోండి. ‘తెలియదు’ అన్న సంతకం చేసిన కాగితం కూడా రేపు మీకు పనికొస్తుంది. ఇల్లు కట్టడానికి పునాది కోసం చేసే భార పరీక్ష వేరు, ఇది వేరు. ఆ ఇంజినీరు రిపోర్టులో విషాల సంగతి ఉండదు కాబట్టి దాన్ని చూపి మిమ్మల్ని ఒప్పించబోతే ఒప్పుకోకండి. బోరు ఉంటే ఆ నీళ్లు కూడా పరీక్షించుకోండి.